ఐదవ గేరు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదించడం ఇరవై ఏళ్ళుగా నా వృత్తి. ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి అనువదించవలసిన అవసరం మాత్రం 2023 వేసవిలో, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, మా అన్నయ్య పొరుగింటి షెడ్డులో కలిగింది.

అన్నయ్య డెట్రాయిట్‌కు వాయవ్యంగా ఉన్న నోవై అనే ఊళ్ళో ఉంటాడు. వాళ్ళమ్మాయి పట్టా పుచ్చుకుంటున్న సందర్భంగా పెదనాన్నగారిని, పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. పెదనాన్నగారు గుడివాడ ఆర్టీసీ డిపోలో 36 ఏళ్ళు పనిచేసి 2006లో లీడింగ్ హ్యాండ్‌గా విరమించారు. ఆయన గేరుబాక్సు విప్పినంత తేలికగా మనం అరటిపండు ఒలవలేమని పెద్దమ్మ అంటూ ఉంటుంది. అటువంటి మనిషి అమెరికాలో కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద నడిచే మనుషులే కనిపించరేమని దిగులుపడుతూ వారం రోజులు గడిపారు. ఎనిమిదవ రోజు పొరుగింటి షెడ్డు తలుపు పైకి లేచింది. లోపల పొడవాటి నీలంరంగు కారు ఒకటి నాలుగు స్టాండుల మీద నిలబడి ఉంది. పెదనాన్నగారు చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరారు.

అది 1966 నాటి పాంటియాక్ జి.టి.ఓ. అమెరికన్లు మజిల్ కారు అనే జాతికి 1964లో వచ్చిన జి.టి.ఓ.యే ఆద్యమని చాలామంది లెక్క. మధ్యతరహా కారులో పెద్దకారు ఇంజను బిగించడమే ఇందులోని కిటుకు. మధ్యతరహా కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ సంస్థకు అప్పట్లో ఒక నియమం ఉండేది. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్ తదితర ఇంజనీర్లు 389 ఘనపు అంగుళాల ఇంజనును కొత్త కారుగా కాక, ఉన్న కారు మీద కొనుగోలుదారు కోరుకునే అదనపు హంగుగా చూపి ఆ నియమం నుంచి తప్పుకున్నారు. ఆ పేరు మాత్రం ఫెరారీ వారి నుంచి ఎరువు తెచ్చుకున్నది. ఇటాలియన్‌లో అది గ్రాన్ టురిస్మో ఒమొలోగాటో, అనగా ఫలానా తరగతి పందేలకు ఆమోదం పొందినదని అర్థం. పాంటియాక్ బండి అటువంటి ఆమోదమేదీ పొందలేదు. అర్థాన్ని అక్కడే వదిలి శబ్దాన్ని మాత్రం తెచ్చుకోవడం అనువాదకులు ఎరిగిన విద్యే కనుక నేను తప్పుపట్టను.

కారు యజమానికి 78 ఏళ్ళు. కార్ల కర్మాగారంలో పనిముట్లు తయారుచేసే విభాగంలో పనిచేసి విరమించిన మనిషి. 21 ఏళ్ళ వయసులో ఈ కారు కొన్నారు. మొదటి వాయిదా కట్టింది ఆయన అక్కగారు, అప్పుడావిడ బడిపంతులమ్మ. ఇప్పుడావిడ ఉత్తరాన మాకినాక్ వంతెన దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నారు. ప్రతి ఏటా ఆకులు రంగు మారే రోజుల్లో ఈ కారులో వెళ్ళి ఆవిడను తిప్పి తీసుకురావడం ఆయనకు ఆనవాయితీ. ఎడమ మోకాలు అరిగిపోవడంతో పదకొండేళ్ళుగా ఆ ప్రయాణం ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చెప్పాలంటే గేరుబాక్సు గురించి కొంత చెప్పక తప్పదు. ఈ కారుకు పుట్టుకతో వచ్చినది మన్సీ అనే నాలుగు గేర్ల పెట్టె. ఇండియానా రాష్ట్రంలో అది తయారైన ఊరి పేరే దానికి వచ్చింది. అందులో నాలుగవ గేరు సూటి గేరు: ఇంజను ఒక చుట్టు తిరిగితే వెనక్కు పోయే షాఫ్టూ ఒక చుట్టు తిరుగుతుంది. వెనుక ఇరుసు దగ్గర నిష్పత్తి 3.55. లెక్క వేస్తే గంటకు 70 మైళ్ళ వేగంలో ఇంజను నిమిషానికి సుమారు 3,200 చుట్లు తిరగాలి. ఒక సిగ్నలు నుంచి మరొక సిగ్నలుకు పందెం వేసుకునే 1960ల కుర్రవాళ్ళకు, పెట్రోలు చౌకగా దొరికే ఆ రోజుల్లో, అది లోపంగా తోచలేదు. నాలుగైదు గంటలు ఆ హోరులో కూర్చోవడం 78 ఏళ్ళవారికి శిక్ష. పైగా క్లచ్ బరువు. ఊరు దాటేలోపే మోకాలు మొరాయిస్తుంది.

దీనికి విరుగుడుగా ఇప్పుడక్కడ చాలామంది చేస్తున్న పని, పాత గేరుబాక్సు దింపి ఐదు గేర్ల కొత్త పెట్టె ఎక్కించడం. ఆయన తెప్పించుకున్నది ట్రెమెక్ అనే సంస్థ టి.కె.ఎక్స్. అనే పేరుతో చేసినది. ఆ సంస్థ మెక్సికోలోని కెరెటారో నగరంలో పుట్టింది. పాత కార్ల నేలకింది ఇరుకులో పట్టేటట్టు దాని పైకప్పును తగ్గించి మలిచారు. ఐదవ గేరు నిష్పత్తి 0.68. అనగా అదే 70 మైళ్ళ వేగంలో ఇంజను 2,200 చుట్లకు లోపే తిరుగుతుంది. మొదటి గేరు పాతదానిలో 2.52 అయితే ఇందులో 2.87; బండి కదిలేటప్పుడు క్లచ్‌ను అంతసేపు సగంలో నిలిపి పట్టవలసిన పని ఉండదు. మోకాలికి ఐదవ గేరు కంటే ఈ మొదటి గేరే పెద్ద మేలని నాకు తరువాత అర్థమైంది.

పగలు అన్నయ్య ఆఫీసుకు పోయేవాడు. పెద్దాయనకు తెలుగు రాదు. పెదనాన్నగారికి వచ్చిన ఇంగ్లీషంతా యంత్రభాగాల పేర్లే. మధ్యలో నేను. నా పని సులభమే అనుకున్నాను. పేర్లన్నీ ఇంగ్లీషువే కదా! తీరా చూస్తే ఒక్కటీ కలవలేదు. మన డిపోల ఇంగ్లీషు లేలాండు బస్సులతో బ్రిటన్ నుంచి వచ్చినది. పెదనాన్నగారు స్పానర్ అంటే ఆయనకు రెంచ్ అని చెప్పాలి. బానెట్ అక్కడ హుడ్, సైలెన్సర్ మఫ్లర్, మడ్‌గార్డు ఫెండర్, ప్రొపెల్లర్ షాఫ్టు డ్రైవ్‌షాఫ్టు. చివరకు గేరుబాక్సు కూడా గేరుబాక్సు కాదు, ట్రాన్స్‌మిషన్. స్టెప్నీ ఎక్కడ పెట్టారని పెదనాన్నగారు అడిగినప్పుడు ఆ పెద్దమనిషి నా ముఖం వంక చూశారు. వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధిలోని దుకాణదారు నూరేళ్ళ క్రితం అమ్మిన అదనపు చక్రం పేరు అదని, ఇంగ్లీషువాళ్ళే మరచిపోయిన ఆ మాట మా దేశంలో ప్రతి లారీ క్లీనరు నోటా బతికి ఉందని వివరించాను. ఆయన దాన్ని గోడమీద పెన్సిలుతో రాసుకున్నారు.

రెండవ శనివారం ఆయన కుమారుడు వచ్చాడు. యాభై దాటిన మనిషి. కారును చూడగానే ముఖం మాడ్చుకున్నాడు. పుట్టుకతో వచ్చిన భాగాలన్నీ ఉన్న కారుకే సేకరణదారులు విలువ కడతారని, గేరుబాక్సు మార్చిన మరుక్షణం అది వేరే కారు అయిపోతుందని అతని వాదన. అతణ్ణి ఆశపోతు అనుకోవడానికి లేదు. ఆ వెనుక సీటులోనే పెరిగాడు. తండ్రీకొడుకుల మాటలు పెరుగుతూంటే పెదనాన్నగారు నా చెయ్యి తట్టి, “ఏమంటున్నాడమ్మా ఆ అబ్బాయి?” అన్నారు. ఇంటి గొడవ తర్జుమా చేయవచ్చునా అని ఒక్క క్షణం సందేహించి, మొత్తం చెప్పాను.

ఆయన నవ్వలేదు. “మా డిపోలో బస్సు గేరుబాక్సు చెడితే జోనల్ వర్క్‌షాపు నుంచి బాగుచేసిన మరో పెట్టె వచ్చేది. ఒక బస్సు తన జీవితంలో ఎన్ని పెట్టెలు చూసేదో! పల్లెలో జనం మాత్రం మన బస్సు వచ్చిందనే అనేవారు. వేరే బస్సు వచ్చిందని ఎవరూ అనలేదు. చెప్పమ్మా అతనికి” అన్నారు.

చెప్పాను. బస్సు వేరు, ఇది వేరు అన్నాడతను. అందులోనూ నిజం లేకపోలేదు. పుస్తకాన్ని నేను ఎంత స్వేచ్ఛగా అనువదించినా మూలం అల్మారాలో చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇనుమును ఒకసారి కోస్తే కోసినట్టే.

పెద్దాయన అప్పుడు తన షరతులు చెప్పారు. అవి ముందే ఆలోచించుకున్నవి. కారు నేలలో కోత పెట్టరాదు. ఒక్క కొత్త రంధ్రం కూడా వేయరాదు. తీసినది ప్రతిదీ చెక్కపెట్టెలో భద్రపరచాలి. రేపు ఎవరైనా కోరితే రెండు రోజుల్లో యథాస్థితికి రావాలి. “నేను పోయిన తర్వాత నీ ఇష్టం. నేను ఉండగా అది నడవాలి” అన్నారు. కొడుకు జవాబు చెప్పలేదు. కాని వెళ్ళిపోనూ లేదు. ఆ సాయంత్రం పాత బోల్టులను చిన్న సంచులలో వేసి, ఏది ఎక్కడిదో చీటీలు రాసినది అతనే.

షరతులు పెట్టడం సులువు, పాటించడం కష్టం. క్లచ్ తేలిక కావాలంటే హైడ్రాలిక్ అమర్చుకోవచ్చును. అందుకు ఇంజనుకూ సీట్లకూ మధ్యనున్న రేకులో రంధ్రం వేయాలి. అందుచేత అది పనికిరాదు. పాత కడ్డీలతోనే నడవాలి. పెదనాన్నగారు పెడల్‌ను చేత్తో నాలుగుసార్లు నొక్కి చూసి కారు కిందికి దూరారు. పెడల్ బలాన్ని క్లచ్‌కు అందించే అడ్డకడ్డీ చివర్ల బుష్షులు కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉన్నాయి. “సగం బరువు క్లచ్‌ది కాదు, దీనిది” అని బయటికి తెచ్చి చూపారు. దాన్ని తర్జుమా చేసే అవసరం రాలేదు. పెద్దాయన తన బొటనవేలు ఆ రంధ్రంలో పెట్టి చూసి తల ఊపారు. కొత్త బుష్షులు, తేలికరకం ప్రెషర్ ప్లేటు వేసేసరికి పెడల్ నా కాలికి కూడా లొంగింది.

అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టినది ఎవరికీ కనబడని పని. ఇంజను వెనుక గంట ఆకారంలో ఉండే పోత భాగానికే గేరుబాక్సు బిగిస్తారు. ఆ గంట నడుమ రంధ్రం ఇంజను కేంద్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. డయల్ గేజు ముల్లు అంగుళంలో వెయ్యింట అయిదు వంతులకు మించి ఊగరాదు. లేకుంటే కొత్త బేరింగులు త్వరలోనే పోతాయి. ఫ్లైవీలుకు గేజు తగిలించి తిప్పారు. ముల్లు పదకొండు చూపింది. “లెవెన్ థౌ” అన్నారు పెద్దాయన. “లెవెన్ థౌ” అన్నారు పెదనాన్నగారు అదే క్షణంలో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండువారాలలో నా ప్రమేయం లేకుండా కలిసిన మొదటి మాట అది. ఇంగ్లీషు సాహిత్యం చదివినవారికి అవే అక్షరాలు దేవుణ్ణీ ప్రియురాలినీ పిలిచే పాతకాలపు ‘నీవు’. వాళ్ళిద్దరికీ అంగుళంలో వెయ్యవ వంతు. కేంద్రం కొద్దిగా పక్కకు జరిపి చేసిన గూటాలు దొరుకుతాయి. వాటిని తెప్పించి, తిప్పి తిప్పి మూడు థౌకు తెచ్చేసరికి ఒక పగలంతా గడిచింది. నేను ఒక పక్కన కుర్చీ వేసుకుని ప్రూఫులు దిద్దుకున్నాను. నన్నెవరూ పిలవలేదు.

అన్నయ్య, ఆ కొడుకు కలిసి సుమారు 45 కిలోల కొత్త పెట్టెను జాకీమీద పైకెత్తారు. ఒక మూల నేలరేకు తగిలింది. అందరూ పెద్దాయన వంక చూశారు. ఆయన కొంచెంసేపు ఊరుకుని, పెదనాన్నగారి చేతికి సుత్తి ఇచ్చారు. చెక్కముక్క అడ్డం పెట్టి మూడు దెబ్బలు, కోత లేదు. పాత రంధ్రంలోంచే గేరుకర్ర పైకి వచ్చింది. షాఫ్టు కొత్త కొలతకు చేయించి బ్యాలెన్సు చూపించారు. గేరుబాక్సు వాలు, వెనుక ఇరుసు వాలు ఒక డిగ్రీలోపు తేడాతో సమాంతరంగా వచ్చేవరకు పలుచని రేకులు పెడుతూ తీస్తూ ఉన్నారు. అది కుదరకపోతే వేగంలో బండి అంతా వణుకుతుంది. గేరుకర్ర చివరి గుండు మాత్రం పెద్దాయన పాతదే పెట్టుకున్నారు. దానిమీద నాలుగు గేర్ల గుర్తులే ఉన్నాయి. ఐదవది ఎక్కడ ఉందో ఎరిగినవారికే తెలుస్తుంది.

మొదటిసారి పెద్ద రోడ్డు ఎక్కినప్పుడు పెదనాన్నగారు ముందు సీటులో, నేను, కొడుకు వెనుక. నాలుగవ గేరులో ఇంజను మోతకు మాటలు వినిపించలేదు. తరువాత గేరుకర్ర కుడివైపుకు జరిగి ముందుకు పోయింది. మోత ఒక్కసారిగా దిగిపోయింది, వేగం దిగలేదు. పెదనాన్నగారు చెవి ఒగ్గి విన్నారు. సింక్రోమెష్ లేని బస్సులలో రెండుసార్లు క్లచ్ తొక్కుతూ, ఇంజను శబ్దం విని గేరు వేసిన తరం ఆయనది. “55 దాటేవరకు ఐదవది వేయవద్దను. ఇంజను గొణుగుతుంది” అన్నారు. నేను నోరు తెరిచేలోపు పెద్దాయన స్పీడోమీటరు మీద 55 అంకెను వేలితో తాకి సరే అన్నట్టు చూశారు.

ఆగస్టు చివర మేము ఇంటికి తిరిగివచ్చాము. అక్టోబరు రెండవ వారంలో అన్నయ్య ఫోనులో ఫొటో పంపాడు. పొడవాటి వంతెన ముందు నీలంరంగు కారు, అందులో తలకు గుడ్డ కట్టుకున్న ముసలావిడ. కారు నడిపినది తమ్ముడే. కొడుకు వేరే కారులో వెనకాల వెళ్ళాడట. పెదనాన్నగారు ఫొటో చూసి, నన్ను పిలిపించి, ఒక ప్రశ్న తర్జుమా చేసి పంపమన్నారు: మొదటి 500 మైళ్ళు దాటాయి కదా, ఆయిల్ మార్చారా, మార్చినప్పుడు అందులో మెరుపులేమైనా కనిపించాయా?

మర్నాడు జవాబు వచ్చింది. మార్చారు. బూడిదరంగు నలక కొంచెం ఉంది, వేళ్ళ మధ్య నలిపితే మెత్తగా ఉంది. మెరుపు లేదు.

“అయితే బేరింగులు బాగున్నాయి” అని పెదనాన్నగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.