రంగులకీ ఓ లెక్కుంది!

నేను రాసుకున్న కోడ్‌లో నాకు బాగా ఇష్టమైంది ఓ బుల్లి లైబ్రరీ. రెండొందల లైన్లు కూడా ఉండదు. చేసే పని ఒకటే... రంగుల లెక్కలు చూడటం.

మనకి కనిపించేవి రంగులు కానీ, ఫోన్‌కి తెలిసినవి అంకెలే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం... ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. మూడూ 255 అయితే తెలుపు, మూడూ 0 అయితే నలుపు. ఈ మూడింటినీ కలిపితే వచ్చే రంగులు 1,67,77,216!

అయితే, మన కన్ను ఈ మూడింటినీ సమానంగా చూడదు. వెలుగు లెక్కలో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. అందుకే తెల్ల కాగితం మీద పసుపు అక్షరాలు కనపడవు, నీలం ఇంకు చక్కగా కనపడుతుంది. ఇంకో మెలిక... 128 అంటే సగం వెలుగు కాదు, దాదాపు 22 శాతమే. ఇవన్నీ ప్రతి ప్రాజెక్టులో మళ్లీ మళ్లీ రాస్తే ఎక్కడో తేడా కొడుతుంది. ఒక్కసారి సరిగ్గా రాసి, టెస్టులు పెట్టి, అన్నిచోట్లా వాడుకోవడమే లైబ్రరీ.

దీని విలువ నాకు అమ్మ వల్ల తెలిసింది. డబ్బులు పంపే ఓ యాప్‌లో అక్షరాలు కనపడక, ఫోన్ పక్కింటి అబ్బాయికిచ్చి చదివించుకుంటోంది. బ్యాలెన్స్‌తో సహా! 'నా కళ్లు పోయాయిరా' అంది. కళ్లజోడు మార్చి ఏడాది కూడా కాలేదు. స్క్రీన్‌షాట్ తెప్పించుకుని రంగులు చూశా. తెలుపు మీద #999999 అనే లేత బూడిద. రెండింటి మధ్య కాంట్రాస్ట్ 2.85. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. అదే #767676 వాడి ఉంటే 4.54 వచ్చేది. కాస్త ముదురు బూడిద, అంతే.

'కళ్లు కాదమ్మా, వాళ్ల రంగు బాలేదు' అన్నా. నమ్మలేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో హై కాంట్రాస్ట్ టెక్స్ట్ ఆన్ చేయించాక 'ఆఁ, ఇప్పుడు కనపడుతోంది' అంది.

మా టీమ్‌లోనూ ఇదే గొడవ. 'లేత రంగైతే క్లీన్‌గా ఉంటుంది' అంటాడు డిజైనర్. క్లీన్‌గా ఉందా లేదా అని వాదిస్తే సాయంత్రమైనా తేలదు. అందుకే లైబ్రరీని బిల్డ్‌లో పెట్టేశా. 4.5 దాటకపోతే బిల్డ్ ఫెయిల్. అంకెతో ఎవరూ పోట్లాడరు కదా!

అన్నీ అంకెలు పట్టుకోలేవనుకోండి. పేమెంట్ వెళ్తే ఆకుపచ్చ చుక్క, ఆగితే ఎర్ర చుక్క పెడితే, ఆ రెండు రంగుల తేడా తెలియని వాళ్లకి రెండూ ఒకటే. అక్కడ రంగు పక్కన 'వెళ్లింది', 'వెళ్లలేదు' అని మాట రాయాల్సిందే.

మీరు కోడ్ రాసేవాళ్లయితే ఈ లెక్క ఓసారి మీ యాప్‌కి వేసి చూడండి. కాకపోతే, ఈసారి అమ్మ 'కనపడట్లేదు' అంటే కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, తప్పు లేదు. కానీ ఆ స్క్రీన్ వైపు కూడా ఓ చూపు చూడండి.