మ్యాచ్ లింకు, వడ్ల పైసలు

అన్నలారా, దాచేదేముంది, నేనూ చూసిన. 2023లో ఐపీఎల్ జియోసినిమాలో ఉచితంగా చూసి అలవాటు పడ్డం. తర్వాత పైసలు కట్టమంటే చెయ్యి రాలే. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన లింకు నొక్కిన. రాత్రి పొలానికి నీళ్లు పారించుకుంట కూసున్నోనికి ఇంకేం కాలక్షేపం ఉంటది?

ముందు బెట్టింగ్ ప్రకటనలు. ఒకటి మూస్తే ఇంకోటి తెరుచుకుంటది. సరిగ్గా ఆఖరి ఓవర్లో బొమ్మ ఆగింది. 'ఈ ప్లేయర్ వేసుకుంటేనే ఆట వస్తది' అని ఒక ఏపీకే ఫైలు దిగింది. వేసుకోబోతే మెసేజ్‌లు చదివే అనుమతి అడిగింది. ఆట చూపెట్టేటోనికి నా మెసేజ్‌లతో ఏం పని? అక్కడ ఆగిన. వడ్ల పైసలు పడే ఖాతాకు ఉన్నది ఆ నంబరే. ఓటీపీ వచ్చేది ఆ మెసేజ్‌లకే. చదవనిస్తే మనల్ని అడగకుండానే అది వాళ్లకు చేరుతది.

మా పక్క పొలం తమ్ముడు ఆగలే. అడిగిన ప్రతిదానికీ సరే నొక్కిండు. పొద్దుగాల చూస్తే ఖాతాలో పద్దెనిమిది వేలు లేవు, కోత కూలీలకు ఇయ్యాల్సినవి. నేనే 1930కి ఫోన్ చేయించిన. ఫిర్యాదు నంబరైతే వచ్చింది. ఇది రాసేనాటికి పైసలు మాత్రం రాలే.