రిజిస్టర్‌కెక్కని పాముకాట్లు

పొలాల్లో ఎలకలు పట్టే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఇది తప్పకుండా చదవండి.

మేము యానాదులం, మాది కోడూరు మండలం. సాయంత్రం గట్ల మీద ఎలక బుట్టలు పెట్టి తెల్లారకముందే తీసుకొస్తారు మావాళ్ళు. కలుగులో ఉన్నది ఎలకో, దాన్ని మింగిన పామో ఎవరికి తెలుసు! మా చిన్నతాత అలాగే బుట్టలు తీస్తుంటే కట్లపాము కరిచి పోయాడు. నాటుమందు వేశారు, మంత్రం పెట్టించారు. ఆసుపత్రి మొహం చూడలేదు కాబట్టి ఏ రిజిస్టర్‌లోనూ ఆయన లేడు.

2018 ఆగస్టులో దివిసీమ పాముకాట్లు పేపర్లనిండా వచ్చాయి. మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం తలపెట్టారు. మేమూ ఆ గుడికి పోయేవాళ్ళమే, తప్పుపట్టం. కానీ పేపర్లలో పడిన లెక్క ఆసుపత్రికి చేరినవాళ్ళదే.

దేశం మొత్తమ్మీదా ఇదే కథ. ప్రభుత్వాసుపత్రుల లెక్కలో పాముకాటు చావులు ఏడాదికి రెండు వేల లోపే ఉండేవి. మిలియన్ డెత్ స్టడీ వాళ్ళు రిజిస్టర్లు పక్కనపెట్టి, చావు జరిగిన ఇళ్ళకే మనుషుల్ని పంపి అడిగించారు. ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, అంతే. 2011లో ఫలితం వచ్చింది: 2005 ఒక్క ఏడాదిలోనే దాదాపు 46,000 మంది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి 5,200. నలుగురిలో ముగ్గురు ఆసుపత్రి బయటే పోయారు. మందు ఎక్కడ అందలేదో అప్పుడు గానీ తెలీలేదు.

ఆ మందుకి విషం తీసేది ఎక్కువగా తమిళనాడులోని ఇరులర్ సహకార సంఘం. వాళ్ళూ మనలాంటి గిరిజనులే. మన చేతుల్లోంచి వెళ్ళిన మందు మన పేటలకి రాకపోవడం చూస్తే కోపం రాదా?

2030కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక పెట్టింది. పాముకాటు కేసులు, మరణాలు తప్పనిసరిగా తెలపాలని అదే నవంబరులో రాష్ట్రాలకు రాసింది. బాగుంది. ఇంట్లో పోయినవాళ్ళ సంగతి ఎవరు తెలుపుతారు?

అందుకే మేం కొందరం కలిసి ఒక నోటుబుక్కు పెట్టాం. ఇంటింటికీ వెళ్ళి అడుగుతున్నాం: ఏ నెల, ఏ పని మీద, ఏ పాము, ఎక్కడికి తీసుకెళ్ళారు. రాసింది మా ఏఎన్ఎమ్మక్కకి ఇస్తాం. మొదటి పేజీ చిన్నతాతదే. ఏ సంవత్సరమని నాయనమ్మని అడిగాం.

"ఉప్పెన తర్వాత రెండో ఏడు, ఊడ్పులప్పుడు" అంది.

1979 అని రాసుకున్నాం.