ఈసారైనా సెమీస్ చూస్తామా?

మొన్న ఆఫీసులో టీ తాగుతూ "ఆగస్టులో వరల్డ్ కప్ ఉంది, లీవు పెట్టాలి" అన్నాను. "ఏ వరల్డ్ కప్?" అన్నాడు పక్క సీటాయన. హాకీ అని చెప్తే "ఓ, మనవాళ్ళు ఇంకా ఆడుతున్నారా!" అన్నాడు. ఏం చెప్తాం, నవ్వి ఊరుకున్నా.

2026 ఆగస్టు 15 నుంచి 30 దాకా నెదర్లాండ్స్, బెల్జియంలలో వరల్డ్ కప్. అదయ్యాక సరిగ్గా ఇరవై రోజులకి, సెప్టెంబర్ 19న జపాన్‌లో ఏషియన్ గేమ్స్ మొదలు. అక్కడ బంగారు పతకం గెలిస్తే 2028 ఒలింపిక్స్‌కి నేరుగా టికెట్. రెండు సెమిస్టర్ల పరీక్షలు ఒకే నెలలో పెట్టినట్టుంది నాకైతే.

ముందు మా నాన్న గురించి చెప్పాలి. ఆయన కుర్రతనంలో సికింద్రాబాద్ మట్టి గ్రౌండ్లలో హాకీ ఆడారు. 1975లో కౌలాలంపూర్‌లో పాకిస్తాన్‌ని 2-1తో ఓడించి మనం కప్పు గెలిచినప్పుడు ఆయనకి పదకొండేళ్ళు. ఆ తర్వాత ఇప్పటిదాకా మనం వరల్డ్ కప్పులో సెమీఫైనల్ మొహం చూడలేదు. 2008లో ఒలింపిక్స్‌కి క్వాలిఫై కూడా కాకపోయేసరికి నాన్న విసిగిపోయి హాకీ చూడటమే మానేశారు.

మళ్ళీ చూసింది 2021 ఆగస్టు 5 పొద్దున. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు. టోక్యోలో కంచు పతకం కోసం జర్మనీతో మ్యాచ్. 1-3తో వెనకబడి, చివరికి 5-4 దాకా వచ్చాం. ఇంకో ఏడు సెకన్లు కూడా లేవనగా జర్మనీకి పెనాల్టీ కార్నర్! శ్రీజేష్ ఆపేశాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు, లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు. కాసేపయ్యాక చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను చూడనట్టు లాప్‌టాప్ తెరిచాను.

సరే, ఇప్పటి జట్టు సంగతి. 2024 పారిస్‌లో మళ్ళీ కంచు గెలిచాం. కానీ అక్కడ మనం కొట్టిన 15 గోల్స్‌లో 10 హర్మన్‌ప్రీత్ ఒక్కడివే. మా భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు :) ఆ సర్వర్ పడిపోతే అంతే సంగతులు. పారిస్ తర్వాత శ్రీజేష్ రిటైరయ్యాడు. 2025 జూన్‌లో ప్రో లీగ్ కోసం యూరప్ వెళ్ళి వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడాం. అయితే అందులో ఆరు ఒక్క గోల్ తేడాతోనే. అంటే ఆట రాక కాదు, ముగించడం రాక. నాకు భయమూ అక్కడే, ఆశా అక్కడే. ఎందుకంటే అదే జట్టు మూణ్ణెల్లు తిరక్కుండానే రాజ్‌గిర్‌లో కొరియాని 4-1తో ఓడించి ఆసియా కప్పు గెలిచింది, ఈ వరల్డ్ కప్పుకి దారి వేసుకుంది. కోచ్ ఫుల్టన్ 2023లో వచ్చినప్పటి నుంచీ ముందు డిఫెన్స్ అంటాడు. మంచిదే, కానీ వాళ్ళ గడ్డ మీద డచ్చివాళ్ళని గెలవాలంటే ఫీల్డ్ గోల్స్ కూడా పడాలి కదా?

నా లెక్క ప్రకారం ముఖ్యమైనవాళ్ళని కాస్త కాపాడుకుని ఏషియన్ గేమ్స్ మీద దృష్టి పెట్టాలి. ఒలింపిక్స్ ముఖ్యం. ఇదే నాన్నతో అంటే ఆయనకి కోపమొచ్చింది.

"ఒరేయ్, ఒలింపిక్స్‌కి క్వాలిఫయర్లుంటాయి, ఇంకో దారి దొరుకుతుంది. వరల్డ్ కప్పు మళ్ళీ నాలుగేళ్ళకి. అప్పటికి నాకు అరవయ్యారు."

దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

నాన్నకి కంట్లో శుక్లాలున్నాయి. ఆపరేషన్ చేయించుకోమని రెండేళ్ళుగా అమ్మా నేనూ పోరుతున్నాం, వినలేదు. పోయిన వారం ఆయనే అడిగారు, "జులైలోగా అయిపోతుందంటావా? బంతి కనపడట్లేదురా" అని. వెంటనే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

జట్టు సెమీస్‌కి వెళ్తుందా అంటే, బుర్ర వెళ్ళదంటోంది. కానీ లీవు మాత్రం ఆగస్టు 30 దాకా పెట్టాను. మీరేమంటారు?