అమ్మ జపమాల

రెంటచింతల ఎండ ఎలాంటిదో పల్నాడువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో మిరపకాయలు ఆరబోసొచ్చి, ఎనిమిదిమంది పిల్లలకు అన్నాలు పెట్టాక అమ్మ జపమాల అందుకునేది. నిద్ర ముంచుకొచ్చి తల వాలినా బొటనవేలు పూస మీద నుంచి జారేది కాదు. చివర్న పెద్దన్న మొదలుకొని ఒక్కొక్కరి పేరూ దేవుడికి చెప్పేది. పసిగుడ్డుగానే పోయిన చెల్లి పేరు కూడా వదిలేది కాదు.

రెండో వాటికన్ మహాసభ (1962-65) తర్వాత పూజ లాటిన్ నుంచి తెలుగులోకి వచ్చింది. చదువురాని అమ్మకు అదెంత పండగో! గుడిలో విన్న వాక్యాన్ని పొయ్యి దగ్గర మాకు మళ్లీ చెప్పేది.

2015లో ఫ్రాన్సు తల్లి జెలీ మార్టిన్‌ను భర్తతోపాటు పునీతురాలిగా ప్రకటించారు. అమ్మలాగే ఆమె కూడా తొమ్మిదిమందిని కన్నది. నలుగురు చిన్నప్పుడే పోయారు. మా అమ్మను పునీతురాలనుకోవడానికి నాకు ఏ ప్రకటనా అక్కర్లేదు.