చింతకొమ్మ తగువు

ప్రియ నేస్తమా,

డిగ్రీలో మన హెర్బేరియం షీట్లు గుర్తున్నాయా? చింతకొమ్మ అతికించి, కింద దాని లాటిన్ పేరు "టామరిండస్ ఇండికస్" అని రాశాను. "ఇండికా అనాలే" అని నువ్వెంత చెప్పినా వినలేదు. పేరు "అస్"తో ముగిస్తే విశేషణమూ "అస్"తోనే ముగియాలని నా వాదన. మార్కు పోయింది. వారం రోజులు నీతో మాట్లాడలేదు. ఎందుకు ఇండికానో నీకూ తెలియదు, "పుస్తకంలో అలాగే ఉంది" అన్నావంతే.

ఇప్పుడు లాటిన్ నేర్చుకుంటున్నాను. జవాబు దొరికింది.

లాటిన్ విశేషణం, సంస్కృతంలో లాగే, నామవాచకం లింగాన్ని, వచనాన్ని, విభక్తిని పట్టుకుని నడుస్తుంది. చివరి అక్షరాన్ని కాదు. "మంచి"కి పుంలింగంలో బోనస్, స్త్రీలింగంలో బోనా, నపుంసకంలో బోనుమ్. నౌటా అంటే నావికుడు. ఆ మాట "ఆ"తో ముగిసినా మనిషి మగవాడు కనుక "నౌటా బోనస్". రోమన్లకు చెట్లు మామూలుగా స్త్రీలింగం. అందుకే 1753లో లిన్నేయస్ చింతకు టామరిండస్ ఇండికా అనీ, రావికి ఫైకస్ రెలిజియోసా అనీ పేర్లు పెట్టాడు. నువ్వులు నపుంసకం కాబట్టి సెసామమ్ ఇండికమ్. మన ఎర్రచందనం మాత్రం టెరోకార్పస్ శాంటలినస్. కార్పస్ గ్రీకులో పండు, అది పుంలింగం. టామరిండస్ అన్న మాటే అరబ్బీలో "హిందూదేశపు ఖర్జూరం" నుంచి వచ్చిందట. అంటే మన చింతచెట్టు పేరులో ఇండియా రెండుసార్లు ఉంది! అది చదివి ఎంత మురిసిపోయానో.

తెలుగులో విశేషణాన్ని మార్చే బాధ మనకు లేదు. ఎత్తైన చెట్టు, ఎత్తైన చెట్టుని, ఎత్తైన చెట్ల: "ఎత్తైన" కదలదు. లాటిన్‌లో అర్బోర్ అల్టా, అర్బోరెమ్ అల్టామ్, అర్బోరుమ్ అల్టారుమ్. చెట్టు ఒక వరసలో, ఎత్తు ఇంకో వరసలో మారుతూ కూడా జత తప్పవు. మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు పొద్దున్నే శబ్దాలు వల్లించినట్టు పైకి చదువుకుంటున్నాను, హాయిగా ఉంది. వాక్యంలో విశేషణం ఎంత దూరంగా పడినా అది ఎవరిదో ఆ ముగింపులే చాలావరకు పట్టిస్తాయి.

ఆ షీటు నా దగ్గరే ఉంది. ఆకులు గోధుమరంగుకి తిరిగాయి. నిన్న "ఇండికస్" కొట్టేసి "ఇండికా" అని రాశాను. ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను, తప్పకుండా రా.

నీ
నేస్తం