ప్రోటాన్‌కీ బదిలీయే

బదిలీ అన్న మాట మా ఇళ్ళలో పప్పన్నమంత మామూలు. నాన్నగారికి ఉత్తర్వు వస్తుంది, సామాన్లు కట్టేస్తాం. అందుకే పదకొండో తరగతిలో ఉన్న మా ముగ్గురు తెలుగు పిల్లలకూ ‘ప్రోటాన్ బదిలీ’ అన్న మాట కంటబడగానే నవ్వొచ్చింది. ఇదీ మనలాగే పెట్టే బేడా సర్దుకుని వెళుతుందా?

వెళ్ళదట. నీటిలో సోడియం అయాను తానే ఈదుకుంటూ పోవాలి. ప్రోటాన్ అలా కాదు. అది వచ్చి ఒక నీటి అణువును అంటుకుంటే, ఆ అణువు తన దగ్గరున్న మరో ప్రోటాన్‌ను పక్కదానికి ఇస్తుంది. అది ఇంకోదానికి. వరుస చివర బయటపడేది మొదట వచ్చింది కాదు. అందుకే సోడియం కంటే సుమారు 7 రెట్లు వేగం. 1806లోనే గ్రోథస్ ఇలాంటి ఊహ చేశాడు. అప్పటికి ప్రోటాన్ అన్న పేరే పుట్టలేదు!

మా బడిలో ఏటా పాత పుస్తకాలు చేతులు మారతాయి. పన్నెండో తరగతి అక్కలవి మాకు, మావి పదో తరగతి తమ్ముళ్ళకు. అందుకునేది ఒకటి, ఇచ్చేది మరొకటి. అచ్చం ఇదే.

ఉప్పునీటిలో బతికే ఒక సూక్ష్మజీవి పొరలో బాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రోటీన్ ఉంది. వెలుగు తగిలితే అది ప్రోటాన్‌ను లోపలి నుంచి బయటకు పంపుతుంది. ఆ దారిలో ఒకచోట నీటికి గిట్టని భాగం ఉంది. ప్రోటీన్ కాస్త ఆకారం మార్చుకోగానే అక్కడ మూడే మూడు నీటి అణువులు వరుస కడతాయి, పని అయ్యాక ఆ వరుస చెదిరిపోతుంది. మాకు బాగా నచ్చింది ఈ తాత్కాలిక వరుసే.

అన్ని దారులూ ఇలా ఉండవు. ఆక్వాపోరిన్‌లో సెకనుకు వంద కోట్లకు పైగా నీటి అణువులు దూసుకుపోతాయి, ప్రోటాన్ మాత్రం దాటదు. మధ్యలో నీటి అణువులు ముఖం తిప్పుకుంటాయి, అక్కడి విద్యుదావేశమూ దాన్ని తోసేస్తుంది. దీన్ని కనుగొన్న పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. అడ్డు లేకపోతే కష్టం: పొరకు అటూ ఇటూ ఉన్న ప్రోటాన్ల తేడా ఆనకట్ట వెనక నీళ్ళలాంటిది. అది కారిపోతే కణానికి శక్తి ఉండదు.

ఈ జనవరిలో ఒక అక్క నడి సంవత్సరంలో వెళ్ళిపోయింది. పరీక్షలు అక్కడే కనుక కెమిస్ట్రీ పుస్తకం వెంట తీసుకెళ్ళింది. మా వరుసలో ఒక ఖాళీ. ఇప్పుడు మాలో ఒకరికి జోర్హాట్ ప్రయాణం. తమ్ముడికివ్వాల్సిన పుస్తకానికి ముగ్గురం కలిసి అట్ట వేశాం. అక్కడ వాడికి పన్నెండో తరగతి పుస్తకం ఎవరిస్తారో ఇంకా తెలియదు.